తామరాకు గుణం పట్టించిన ప్లాస్టిక్, గుడ్డతో తుడిస్తే ఎందుకు నిలవదు?

ఆరుబయట పెట్టే సెన్సర్ పెట్టెలకు పాలీప్రొపిలీన్ మూతలు తయారు చేస్తున్నామనీ, ఫ్లోరోసైలేన్ (నీటిని తోసే ఫ్లోరిన్ రసాయనం) పట్టించిన నానో సిలికా పొడిని ద్రావకంలో కలిపి వాటి మీద స్ప్రే చేస్తే నీటి స్పర్శ కోణం (చుక్క అంచు ఉపరితలంతో చేసే కోణం; అది ఎంత పెద్దదైతే నీరు అంత తక్కువ అంటుకుంటుంది) 158 డిగ్రీలు వచ్చిందనీ, పొడి గుడ్డతో పదిసార్లు తుడిచేసరికి అది 115కు పడిపోయి చుక్కలు జారకుండా అతుక్కుంటున్నాయనీ మీరు రాశారు. ఇంతకన్నా గట్టి రసాయనం ఏదైనా సూచించమన్నది మీ ప్రశ్న. ఇక్కడ రసాయనం మార్చినా ప్రయోజనం ఉండదు. కారణం మీరు ఇచ్చిన అంకెల్లోనే ఉంది. ఏ పూతా లేని నునుపైన పాలీప్రొపిలీన్ మీద నీటి స్పర్శ కోణం సుమారు 100 డిగ్రీలు ఉంటుంది. తుడిచిన తర్వాత కూడా మీకు 115 వస్తున్నదంటే ఫ్లోరిన్ రసాయనం కొంతైనా ఉపరితలం మీద మిగిలే ఉంది. పోయింది గరుకుదనం.

ఇది ఊహగా వదిలెయ్యకుండా రెండు రోజుల్లో తేల్చుకోవచ్చు. తుడిచిన ముక్కను 60 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఆరబెట్టి మళ్లీ కొలవండి. కోణం మునుపటి స్థాయికి వస్తే, గరుకు సందుల్లోకి నీరు దిగి గాలిని వెళ్లగొట్టిందే తప్ప పూతకు నష్టం జరగలేదని అర్థం. రాకపోతే అదే ముక్కకు సిలికా కలపకుండా సైలేన్ ఒక్కటే పట్టించి చూడండి. అప్పుడు కోణం తిరిగి వస్తే పోయింది రసాయనం. అప్పటికీ రాకపోతే సిలికా కణాలే గుడ్డతో పాటు లేచిపోయాయి. మీ విషయంలో ఈ మూడోదే జరిగి ఉంటుందని నా అంచనా. ద్రావకం ఆరిపోయాక పాలీప్రొపిలీన్ మీద సిలికా కణాలను పట్టి ఉంచేది ఏదీ లేదు. ముగ్గు పిండి గచ్చు మీద నిలిచినట్టే అవి కూడా నిలిచాయి.

రసాయనానికి ఎంత వాటా ఉందో, గాలికి ఎంత వాటా ఉందో లెక్క వేసి చూస్తే విషయం తేలికగా తెలుస్తుంది. నునుపైన ఉపరితలం మీద ఎంత మంచి ఫ్లోరిన్ సమ్మేళనం వాడినా నీటి స్పర్శ కోణం దాదాపు 120 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. ఆ పైన వచ్చేదంతా చుక్క కింద చిక్కుకున్న గాలి ఇచ్చేదే. 1944లో కాస్సీ, బాక్స్టర్ ఇచ్చిన సూత్రాన్ని మాటల్లో చెప్పాలంటే, నునుపైన ఉపరితలపు కోణం కొసైన్‌కు 1 కలిపి, చుక్క అడుగున ఘన పదార్థం నిజంగా తాకే వాటాతో గుణించి, అందులోంచి 1 తీసేస్తే గరుకు ఉపరితలం మీది కోణం కొసైన్ వస్తుంది. ఆ వాటా పదో వంతు అనుకుందాం. ఏ పూతా లేని పాలీప్రొపిలీన్‌కు, అంటే 100 డిగ్రీల పదార్థానికి, 156 డిగ్రీలకు పైన వస్తుంది; అత్యుత్తమ ఫ్లోరిన్ రసాయనానికి, అంటే 120 డిగ్రీల పదార్థానికి, 162 దగ్గర వస్తుంది. ఖరీదైన రసాయనం సంపాదించి పెట్టింది ఐదారు డిగ్రీలే. 2003లో టర్కీకి చెందిన ఎర్బిల్, ఆయన సహచరులు మామూలు పాలీప్రొపిలీన్‌నే వేడి ద్రావకంలో కరిగించి, దాన్ని అవక్షేపింపజేసే మరో ద్రావకం కలిపి ఆరబెట్టి, రంధ్రాలతో నిండిన పొరగా మార్చి, ఏ ఫ్లోరినూ లేకుండా 160 డిగ్రీలు సాధించి చూపించారు. మీ దగ్గర ఉన్న పదార్థమూ అదే కాబట్టి ఈ ఉదాహరణ మీకు మరింత దగ్గరిది.

తామరాకు మీద నీటి బొట్టు అనే మాట మనకు కొత్తది కాదు. గీతలోని పద్మపత్రం నుంచి ఊళ్లో మాట్లాడుకునే సామెత దాకా అది ఉంది. బాన్ విశ్వవిద్యాలయానికి చెందిన బార్త్‌లాట్, నైన్‌హ్యూస్ 1997లో ఆ ఆకు దుమ్మును ఎలా వదిలించుకుంటుందో ప్రయోగాలతో వివరించాక పరిశ్రమల దృష్టి దాని మీద పడింది. ఆకు పైపొర మీద కొన్ని మైక్రాన్ల పరిమాణంలో బొడిపెలు, ఆ బొడిపెల మీద, వాటి మధ్యన సుమారు 100 నానోమీటర్ల మందపు మైనపు గొట్టాలు ఉంటాయి. మైనం నీటిని కొంత తోసేస్తుంది, మిగతా పని ఈ రెండంతస్తుల నిర్మాణం చేస్తుంది. ఇంతవరకు ప్రతి వ్యాసంలోనూ రాస్తారు. పట్టించుకోవలసిన సంగతి ఆ తర్వాత ఉంది. పెరట్లో చామ మొక్క ఉంటే దాని ఆకు మీద బొటనవేలితో గట్టిగా నాలుగుసార్లు రుద్ది నీళ్లు చల్లి చూడండి. రుద్దిన చోట నీరు అతుక్కుంటుంది, పక్కన ముత్యంలా దొర్లిపోతుంది. ప్రకృతి చేసిన ఈ ఉపరితలం మీ స్ప్రే పూత కన్నా ఏమంత గట్టిది కాదు. బతికి ఉన్నంత కాలం మొక్క మైనాన్ని లోపలినుంచి ఊరిస్తూ పైపొరను బాగుచేసుకుంటుంది, ముదిరిన ఆకును వదిలేసి కొత్త ఆకు వేస్తుంది. అనుకరించేవాళ్లు బొడిపెల ఆకారాన్ని తీసుకుని మరమ్మతును వదిలేశారు. నీటి వికర్షణ పూతల్లో నేను చూసిన వైఫల్యాల్లో ఎక్కువ భాగం ఇక్కడినుంచే పుట్టాయి.

మన్నికకు అసలు అడ్డంకి ఏమిటంటే, కోణాన్ని పెంచే కొలతే బలాన్ని తగ్గిస్తుంది. ఘన పదార్థం తాకే వాటా పదో వంతు అయితే, గుడ్డ ఒత్తిడి మొత్తం ఆ పదో వంతు మీద పడుతుంది కాబట్టి ఒక్కొక్క కొన మీద పది రెట్ల ఒత్తిడి ఉంటుంది. బొటనవేలి కింద నాలుగు చదరపు సెంటీమీటర్ల గుడ్డను ఒక కిలో బరువుతో అదిమితే సగటు ఒత్తిడి 25 కిలోపాస్కల్ అవుతుంది. కొనల దగ్గర అది 250. పైగా గుడ్డ పక్కకు లాగుతుంది. సన్నగా, పొడవుగా ఉన్న స్తంభం పక్క బలానికి దాని మొదలు దగ్గరే విరుగుతుంది. మందం సగమైతే అదే బలానికి మొదలు దగ్గర కలిగే ప్రతిబలం ఎనిమిది రెట్లవుతుంది.

స్తంభాలను లావుగా, దూరదూరంగా పెడదామంటే వాన ఒప్పుకోదు. పెద్ద వాన చినుకు సెకనుకు దాదాపు 9 మీటర్ల వేగంతో పడుతుంది, దాని గతిజ పీడనం సుమారు 40 కిలోపాస్కల్. 110 డిగ్రీల పదార్థంలో 10 మైక్రాన్ల వెడల్పున్న రంధ్రం నీటిని ఆపగలిగేది సుమారు 10 కిలోపాస్కల్ వరకే. 2 మైక్రాన్లయితే 49 దాకా, 200 నానోమీటర్లయితే 490 దాకా ఆపుతుంది. అంటే పెద్ద సందుల నిర్మాణం పిచికారీ చుక్కలకు చక్కగా పనిచేసి మొదటి జడివానకే తడిసిపోతుంది. రసాయనం నిజంగా అక్కరకు వచ్చేది ఈ చోటే: పదార్థం 110 నుంచి 100 డిగ్రీలకు తగ్గితే ఈ పీడనాలన్నీ సగమవుతాయి. కాబట్టి రసాయనాన్ని పూర్తిగా పక్కన పెట్టమని నేను అనడం లేదు, దాన్ని సరైన చోట లెక్కలోకి తీసుకోమంటున్నాను.

ఈ చిక్కుముడిని విప్పే దారుల్లో మొదటిది రక్షణ కవచం. చైనాలోని ఛెంగ్డు, ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2020లో చూపించిన పద్ధతిలో, బలాన్ని మోసే పనిని పదుల మైక్రాన్ల పరిమాణంలోని గట్టి చట్రానికి అప్పగించి, నీటిని తోసే నానో పదార్థాన్ని ఆ చట్రపు గుంటల్లో దాచారు. గుడ్డ వచ్చి చట్రపు అంచుల మీద రాసుకుంటుంది, గుంటలోకి దిగలేదు; నీరు మాత్రం కొంచెం వంగి లోపలి నానో పొర మీద ఆనుకుంటుంది. వాళ్లు సిలికాన్, గాజు, సిరామిక్, లోహాల మీద చేసిన ఈ పనిని ప్లాస్టిక్‌లో చెయ్యడం ఇంకా సులువని నా అభిప్రాయం, ఎందుకంటే మీ మూతలు ఎలాగూ అచ్చులోనే తయారవుతాయి. అచ్చు లోపలి ముఖం మీద గడుల నమూనా చెక్కిస్తే ప్రతి మూతా చట్రంతో సహా బయటికి వస్తుంది. ఉదాహరణకు 50 మైక్రాన్ల గడి, అందులో 5 మైక్రాన్ల గోడ అనుకుంటే, గోడల పైముఖం మొత్తం వైశాల్యంలో ఐదో వంతుకు కాస్త తక్కువ అవుతుంది. మరీ సన్నని గోడ అచ్చులోంచి తీసేటప్పుడే చిరుగుతుంది కాబట్టి వాలు గోడలు, అంటే తలకిందులైన పిరమిడ్ ఆకారపు గుంటలు, ఎంచుకోవడం అచ్చుకూ మూతకూ రెండింటికీ మేలు.

రెండో దారిలో అరుగుదలను ఆపే ప్రయత్నమే చెయ్యరు. పైనున్న గరుకుదనం పోతే కిందనుంచి అలాంటిదే బయటపడేలా పదార్థం మొత్తాన్నీ ఒకే విధంగా తయారు చేస్తారు. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం వారు 2010లో టెఫ్లాన్ పలకను ఎమెరీ కాగితంతో రుద్ది, ఇంకే పూతా లేకుండా 150 డిగ్రీల స్థాయిని అందుకున్నారు. అరగదీయడమే అక్కడ తయారీ పద్ధతి! సిలికోన్ రబ్బరులో నీటిని తోసే సిలికాను బాగా ఎక్కువ పాళ్లలో కలిపి మందంగా పోసినప్పుడు కూడా ఇలాంటి ఫలితమే వస్తుంది. రంగుల పరిశ్రమలో పనిచేసినవారికి ఇందులోని ఇబ్బంది తెలుసు: పొడి తక్కువైతే దాన్ని పట్టి ఉంచే బైండర్ (ఇక్కడ రబ్బరు) దాన్ని ముంచేసి ఉపరితలాన్ని నునుపు చేస్తుంది, ఎక్కువైతే పొర సుద్దముక్కలా రాలిపోతుంది, ఈ రెండింటి మధ్య ఇరుకైన హద్దును ప్రతి కొత్త పొడికీ మళ్లీ వెతుక్కోవాలి.

మీ మూతలకు వెంటనే పనికొచ్చేది మూడోది: కణాలను పైన చల్లకుండా ప్లాస్టిక్‌లో సగం దాకా పాతెయ్యడం. నీటిని తోసే సిలికా పొడిని పలుచగా పరిచి, పాలీప్రొపిలీన్ పైపొర మాత్రమే మెత్తబడే వేడిలో అచ్చుతో అదమాలి. మెత్తబడిన ప్లాస్టిక్ కణాల గుంపుల కింది భాగాన్ని పట్టుకుంటుంది, పై భాగం బయట మిగులుతుంది. వేడి ఎక్కువైతే ప్లాస్టిక్ పైకి పాకి కణాలను మింగేస్తుంది, తక్కువైతే మీ పాత కథే. పాలీప్రొపిలీన్ స్ఫటికాలు సుమారు 160 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర కరుగుతాయి కాబట్టి ఆ ఉష్ణోగ్రతకు కాస్త దిగువ నుంచి మొదలుపెట్టి, ఐదేసి డిగ్రీలు పెంచుతూ, ప్రతిసారీ పది తుడుపుల తర్వాత కొలుస్తూ వెళితే సరైన వేడి దొరుకుతుంది. సిలికాకు ఫ్లోరిన్ అవసరం లేదు. హెక్సామిథైల్‌డైసిలజేన్ పట్టించిన రకం బజారులో దొరుకుతుంది, చాలు. పొడవైన ఫ్లోరిన్ గొలుసుల రసాయనాల్లో పీఎఫ్‌ఓఎస్ 2009లో, పీఎఫ్‌ఓఏ 2019లో ప్రకృతిలో నశించకుండా మిగిలిపోయే కాలుష్యాలను కట్టడి చేసే స్టాక్‌హోమ్ అంతర్జాతీయ ఒప్పందపు జాబితాకు ఎక్కాయి. అరిగిపోతుందని ముందే తెలిసిన పూతలో అలాంటి కుటుంబానికి చెందిన పదార్థాన్ని వాడి, అరిగినదంతా మట్టిలో కలిసేలా చెయ్యడం నాకు సమ్మతం కాదు.

నాలుగో దారి తామరాకు చేసే అసలు పనికి అన్నిటికన్నా దగ్గరగా ఉంటుంది. విచిత్రమేమిటంటే, అది మొక్కలను చూసి పుట్టింది కాదు. హై వోల్టేజీ లైన్ల మీద పింగాణీకి బదులు వాడే సిలికోన్ రబ్బరు ఇన్సులేటర్లను గమనించండి. 1970ల నుంచి ఇవి ఎండలో, ఉప్పుగాలిలో పనిచేస్తున్నాయి. ఉప్పు, దుమ్ము కలిసిన పొర తడిస్తే దాని మీదుగా కరెంటు పారి, మెరుపు పుట్టి, లైనులో సరఫరా ఆగిపోతుంది. సముద్రతీరపు లైన్లకు ఇది పాత బెడద. సిలికోన్ రబ్బరు దీన్ని తట్టుకునే తీరు ఇది: రబ్బరు వలలో ముడిపడకుండా మిగిలిన చిన్న సిలోక్సేన్ (సిలికోన్) అణువులు లోపలినుంచి మెల్లగా పైకి వస్తూ ఉంటాయి. కరోనా ఉత్సర్గం, అంటే హై వోల్టేజీ వల్ల చుట్టూ ఉన్న గాలిలోకి జరిగే విద్యుత్ లీకు, పైపొరను పాడుచేసి తడిసే గుణం తెచ్చినా, కొన్ని గంటల నుంచి కొన్ని రోజుల్లో ఆ అణువులు పైకి చేరి నీటిని తోసే గుణాన్ని తిరిగి తెస్తాయి. అంతటితో ఆగక, పైన పేరుకున్న దుమ్ము పొరలోకి కూడా పాకి ఆ దుమ్మునే నీటిని తోసేదిగా మారుస్తాయి. ఇక్కడ 150 డిగ్రీల కోణం లేదు, నానో బొడిపెలు లేవు. ఉన్నది సుమారు 105 డిగ్రీల మామూలు రబ్బరు, దాని కడుపులో దాచిన నిల్వ. మన్నికైన నీటి వికర్షక పాలిమర్ ఏది అని నన్నెవరైనా అడిగితే నేను మొదట చూపించేది ఈ ఇన్సులేటర్‌నే.

ఇక మంచు విషయం. చాలా ఏళ్ల క్రితం నేను పనిచేసిన ప్రయోగశాల మేడ మీద, సిలికా పూత వేసిన పన్నెండు పాలీకార్బొనేట్ పలకలను పెట్టి వానాకాలం కోసం ఎదురుచూశాం. అవి వానదాకా ఆగలేదు. ధనుర్మాసంలో ఒక తెల్లవారుజామున వెళ్లి చూస్తే పలకలన్నీ మంచుతో తడిసి, తలకిందులు చేసినా చుక్క రాలని స్థితిలో ఉన్నాయి. ఎండలో ఆరాక మళ్లీ మామూలుగా పనిచేశాయి కాబట్టి పూత పాడు కాలేదు. బయటినుంచి పడే చుక్క గరుకుదనం పైన కూర్చుంటుంది. ఆవిరి మాత్రం సందుల లోపలే నీరుగా మారుతుంది, అక్కడ గాలికి చోటుండదు. తామరాకునే ఆవిరి పట్టిస్తే దాని మీద కూడా నీరు అతుక్కుంటుందని 2005లో ప్రచురించారు. మీ పెట్టెలు రాత్రిళ్లు ఆరుబయటే ఉంటాయి కనుక, పగటి వానకన్నా తెల్లవారుజాము మంచే మీకు కఠినమైన పరీక్ష.

అందువల్ల నేను మీకు వేసే ఎదురు ప్రశ్న: మీకు నిజంగా 150 డిగ్రీలు కావాలా, లేక మూత మీద నీరు నిలవకుండా జారిపోతే చాలా? ఇవి రెండూ ఒకటి కావు. చుక్క జారడాన్ని నిర్ణయించేది ముందుకు సాగే అంచు దగ్గరి కోణానికీ, వెనక తగ్గే అంచు దగ్గరి కోణానికీ మధ్యనున్న తేడా. 2016లో వాంగ్, మెకార్తీ గాజు, సిలికాన్ వంటి నునుపైన ఉపరితలం మీద సిలికోన్ గొలుసులను ఒక కొస మాత్రమే అతికి రెండో కొస స్వేచ్ఛగా కదిలేలా పెంచారు. కోణం 104 డిగ్రీల దగ్గరే ఉన్నా ఆ తేడా ఒక డిగ్రీ ఉండటంతో, కొద్దిపాటి వాలుకే చుక్కలు జారిపోయాయి. గరుకుదనం లేదు కనుక విరగడానికి ఏమీ లేదు, సందులు లేవు కనుక మంచు దూరడానికి చోటు లేదు. నెపెంథీస్ అనే కీటకాలను తినే మొక్క కూజా అంచును చూసి, హార్వర్డ్‌లో ఐజెన్‌బర్గ్ బృందం 2011లో చేసిన నూనె నింపిన ఉపరితలాలు కూడా ఈ కోవకే చెందుతాయి, అయితే ఎండలో, వానలో ఆ నూనె క్రమంగా కొట్టుకుపోతుంది కాబట్టి మీ పనికి వాటిని సూచించను. నునుపైన దారిలో లోపమూ ఉంది: చుక్క దొర్లకుండా మెల్లగా జారుతుంది, దుమ్మును తామరాకంత శుభ్రంగా ఎత్తుకుపోదు.

కొలతల గురించి రెండు మాటలు. 150 డిగ్రీలు దాటాక చుక్క కింది గీతను ఫొటోలో ఒక పిక్సెల్ పైకో కిందికో గీసినా కోణం చాలా మారిపోతుంది, కనుక 158కీ 162కీ మధ్య తేడాను నమ్మకండి; 10 మైక్రోలీటర్ల చుక్క ఎంత వాలుకు జారుతుందో రాసుకోండి, వెనక తగ్గే కోణాన్ని తప్పక కొలవండి. అరుగుదల మొదలైందని ముందుగా చెప్పేది అదే. పరిశోధన పత్రాల్లో ఎమెరీ కాగితం మీద 100 గ్రాముల బరువు పెట్టి లాగామని చదివి భయపడనక్కర్లేదు: నాలుగు చదరపు సెంటీమీటర్ల ముక్క మీద ఆ ఒత్తిడి 2.5 కిలోపాస్కల్ మాత్రమే, మీ బొటనవేలి తుడుపులో పదో వంతు. పూత గురించి ఎవరేమి చెప్పినా ఒత్తిడి, దూరం, ఎన్నిసార్లు అన్న మూడు అంకెలు అడిగి తీసుకోండి.

మీ మూతల విషయంలో నేనైతే ఇలా చేస్తాను. మూతకు కనీసం 10 డిగ్రీల వాలు ఇచ్చి, అంచున నీరు ఆగే గట్టు తీసేస్తాను. అచ్చు మార్చడానికి అయ్యే ఖర్చు పూతల ఖర్చుకన్నా తక్కువే తేలవచ్చు. ఆ తర్వాత ఇరవై మూతలు తీసుకుని ఐదింటిని ఏ పూతా లేకుండా, ఐదింటిని మీ ప్రస్తుత స్ప్రేతో, ఐదింటిని వేడితో పాతిన సిలికాతో, ఐదింటిని గుంటల చట్రంలో పాతిన సిలికాతో తయారు చేసి, కార్తీకం నుంచి మాఘం దాకా మేడ మీద ఉంచుతాను. వారానికొకసారి సూర్యోదయానికి ముందు ఒక కొలత, మధ్యాహ్నం ఆరాక ఒక కొలత తీసుకుంటాను. రెండింటి మధ్య తేడా మంచు చేసిన పని, వారం వారం మధ్యాహ్నపు కొలతలో వచ్చే తగ్గుదల అరుగుదల చేసిన పని. పాలీప్రొపిలీన్ ఎండకు పెళుసుబారే పదార్థం కాబట్టి, మీరు కొనే గుళికల్లో అతినీలలోహిత కిరణాలను తట్టుకునే స్టెబిలైజర్ ఉందో లేదో సరఫరాదారును ముందే అడగండి. మూత పైపొరే పొడిగా రాలిపోతుంటే అందులో పాతిన సిలికా కూడా దానితోనే పోతుంది.